సముద్రపు ఫంగస్ నుంచి క్యాన్సర్ మందు: ప్లినాబులిన్ ఎంతవరకు వచ్చింది?

నిల్వ రొట్టె మీద బూజు పడుతుంది కదా. అలాంటి బూజులే, అంటే ఫంగస్‌లే, సముద్రంలోనూ ఉంటాయి. వాటిలో ఒకదాని నుంచి మొదలైన క్యాన్సర్ మందు పేరు ప్లినాబులిన్. ఇప్పటివరకు ఏం జరిగిందో చూద్దాం.

ఎక్కడ దొరికింది?

హాలిమెడా అనే పచ్చని సముద్రపు నాచు మీద పెరిగిన ఆస్పర్‌జిల్లస్ ఫంగస్‌లో హాలిమైడ్ అనే పదార్థం బయటపడింది. అమెరికాలోని స్క్రిప్స్ సముద్ర పరిశోధన సంస్థలో విలియం ఫెనికల్ బృందం దీన్ని గుర్తించింది. దాన్ని అలాగే మందుగా వాడలేదు. అణువులో కొద్ది మార్పులు చేసి ల్యాబ్‌లోనే తయారుచేశారు. అదే ప్లినాబులిన్. కాబట్టి మందు కోసం ప్రతిసారీ సముద్రానికి వెళ్లాల్సిన పని లేదు.

ఎలా పనిచేస్తుంది?

కణం రెండుగా చీలాలంటే లోపల ట్యూబులిన్ అనే ప్రోటీన్‌తో సన్నని గొట్టాలు కట్టుకోవాలి. ప్లినాబులిన్ ఆ ట్యూబులిన్‌ను పట్టుకుని గొట్టాలు కట్టనివ్వదు. కాల్చిసిన్ అనే మందు కూడా దాదాపు అక్కడే అతుక్కుంటుంది. యునానీలో సూరంజాన్ అనే మొక్కలో ఉండేది ఈ కాల్చిసినే. అలాగని సూరంజాన్‌తో క్యాన్సర్ తగ్గుతుందని అనుకోవద్దు. ఎక్కువైతే అది విషం.

ట్రయల్స్‌లో ఏం తేలింది?

డబ్లిన్-3 అనే మూడో దశ ట్రయల్‌లో 559 మంది ఊపిరితిత్తుల క్యాన్సర్ పేషెంట్లు పాల్గొన్నారు. వీళ్లందరికీ అంతకుముందు చేసిన చికిత్స పనిచేయలేదు. డోసిటాక్సెల్ కీమో ఒక్కటే ఇచ్చినవారి మధ్యస్థ జీవితకాలం 9.4 నెలలు. దానికి ప్లినాబులిన్ కలిపి ఇస్తే 10.5 నెలలు. అంటే తేడా నెల పైచిలుకే. కీమోతో తెల్లకణాలు బాగా పడిపోవడం కూడా తగ్గింది. మరోపక్క విరేచనాలు, బీపీ పెరగడం ఎక్కువ మందిలో కనిపించాయి.

అనుమతి వచ్చిందా?

తెల్లకణాలు పడిపోకుండా కాపాడే మందుగా అనుమతి అడిగితే 2021లో అమెరికా ఎఫ్‌డీఏ ఇవ్వలేదు. ఒక్క ట్రయల్ చాలదు, ఇంకొకటి చేయమంది.

సముద్ర జీవుల నుంచి వచ్చి ఇప్పటికే వాడుకలో ఉన్న క్యాన్సర్ మందులు వేరే ఉన్నాయి. లుకేమియాకు ఇచ్చే సైటరబిన్, రొమ్ము క్యాన్సర్‌కు ఇచ్చే ఎరిబులిన్ రెండింటికీ మూలం సముద్రపు స్పాంజీలు. సైటరబిన్‌కు 1969లో, ఎరిబులిన్‌కు 2010లో అమెరికాలో అనుమతి వచ్చింది.

ఇంట్లో పేషెంట్ ఉంటే

"సముద్రపు మందు, కీమో అక్కర్లేదు" అని ఎవరైనా పొడి గానీ క్యాప్సూల్ గానీ అమ్మజూపితే నమ్మకండి. ప్లినాబులిన్‌ను కూడా కీమో మానిపించి ఇవ్వలేదు, కీమోతో కలిపే ఇచ్చారు. కొత్త మందు కావాలంటే, మన పేషెంట్‌కు సరిపోయే ట్రయల్ ఏదైనా ఉందా అని క్యాన్సర్ డాక్టర్‌నే అడగండి. నడుస్తున్న చికిత్సను మాత్రం మధ్యలో ఆపకండి.