బస్తరు అడవి, తెరమీది భయం

1323లో ఓరుగల్లు ఢిల్లీ సేనల వశమైన పిమ్మట ప్రతాపరుద్రుని సోదరుడు అన్నమదేవుడు గోదావరి దాటి బస్తరులో రాజ్యం నెలకొల్పాడని అక్కడి రాజవంశపు సంప్రదాయం. ఆ సీమ దక్షిణపు కొసన, కోంటా, భోపాలపట్నం ప్రాంతాలలో నేటికీ తెలుగు వినిపిస్తుంది. తెలుగువారికి ఇంత చేరువైన ఆ అరణ్యాన్ని ప్రపంచ ప్రేక్షకుల ముందుకు తెచ్చినవాడు మాత్రం స్వీడన్ దేశస్థుడైన దర్శకుడు ఆర్నే సుక్స్‌డార్ఫ్. 1957లో విడుదలైన ఆయన చిత్రం ఆంగ్లంలో ‘ది ఫ్లూట్ అండ్ ది యారో’గా ప్రసిద్ధమైంది. పండిట్ రవిశంకర్ దానికి సంగీతం సమకూర్చారు. 1958లో కాన్ చలనచిత్రోత్సవంలో అది ప్రదర్శితమైంది. నారాయణపూర్ సమీపంలోని గఢ్‌బెంగాల్ గ్రామానికి చెందిన చెంద్రూ అనే మురియా బాలుడు పులితో చెలిమి చేస్తూ అందులో కనిపించి, విదేశాలలో పేరు పొందాడు.

ఆ చిత్రాన్ని భయానక చిత్రమని ఎవరూ అనలేదు. అయితే భయానక చిత్రానికి కావలసిన ముడిసరుకంతా అందులో ఉంది: పల్లెను బెదిరించే చిరుత, కట్టుబాటు మీరిన వేటగాడు, రెంటినీ ముడిపెట్టి చూసే ఊరి మనసు. సుక్స్‌డార్ఫ్ ఆ భయాన్ని ఆ ప్రజల జీవితంలో భాగంగా చూపాడే గాని ప్రేక్షకుణ్ణి ఉలిక్కిపడేలా చేయడానికి వాడుకోలేదు. భయాన్ని సరుకుగా మార్చి టిక్కెట్టుకు అమ్మే విద్య వేరొకచోట పెరిగింది.

తెలుగులో ఆ విద్యకు ఆద్యులలో ముఖ్యుడు బి. విఠలాచార్య. కర్ణాటకలో టూరింగు టాకీసు నడిపి, పల్లె ప్రేక్షకుడి నాడి పట్టుకున్న తరువాతనే ఆయన చిత్ర నిర్మాణానికి వచ్చాడు. తక్కువ ఖర్చు, తక్కువ రోజుల చిత్రీకరణ, కెమెరా కనికట్టు ఆయన పెట్టుబడి. 1977లో ‘అడవి రాముడు’ వసూళ్ళలో కొత్త రికార్డులు నెలకొల్పి, అగ్రనటుడి పేరే వ్యాపారమని పరిశ్రమను నమ్మించింది. ఆ మరుసటి ఏడే, అగ్రతార ఎవరూ లేకుండా, విఠలాచార్య ‘జగన్మోహిని’ ఘనవిజయం సాధించింది. అయితే ఆ విజయం దయ్యానిదొక్కదానిదే కాదు. మోహినీ పిశాచానికి ఎదురుగా దేవతను కొలిచే ఇల్లాలిని నిలబెట్టడంతో, భయపడడానికి వచ్చినవారితో పాటు మొక్కుకోవడానికి వచ్చినవారూ హాలు నింపారు.

ఈ మిశ్రమంలోనే తెలుగు భయానక చిత్రపు ఆర్థిక చరిత్ర చాలావరకు ఇమిడి ఉంది. నైజాం, సీడెడ్, ఆంధ్ర అని ప్రాంతాలవారీగా హక్కులు కొనే పంపిణీదారుడు ముందుగా చూసేది కుటుంబ ప్రేక్షకులనే. పిల్లలను, వృద్ధులను వెంటబెట్టుకొని స్త్రీలు వచ్చే చిత్రానికి మ్యాట్నీ నిండుతుంది. రెండవసారి చూసేవారూ ఉంటారు. అచ్చమైన దయ్యం కథకు ఈ రెండూ కరువే. పెద్దలకు మాత్రమే అన్న ధ్రువపత్రం పడితే సగం ఇల్లు బయటే ఉండిపోతుంది. భయం గుట్టు ఒకసారి విప్పిన తరువాత మళ్ళీ టిక్కెట్టు కొనే అవసరం తక్కువ. రాంగోపాల్ వర్మ ‘రాత్రి’ (1992) ఇందుకు చక్కని ఉదాహరణ. దేవతా లేదు, హాస్యమూ పలుచన. కేవలం శబ్దంతో, నీడతో భయపెట్టిన ఆ చిత్రానికి విడుదలనాటి వసూళ్ళకంటె తరువాతి కాలపు కీర్తే ఎక్కువ దక్కింది.

హిందీలో రామ్సే సోదరులు ఎంచుకున్న దారి ఇంకొకటి. ‘పురానా మందిర్’ (1984) వంటి చిత్రాలను స్వల్ప వ్యయంతో తీసి చిన్న పట్టణాలలో లాభం చేసుకున్నారు. హాలీవుడ్ లెక్కా ఇదే స్వభావం కలది. సుమారు 15 వేల డాలర్లతో తీసిన ‘పారానార్మల్ యాక్టివిటీ’ 19 కోట్ల డాలర్లకు పైగా రాబట్టింది. భయానక చిత్రాలలో అగ్రశ్రేణికి చెందిన ‘ఇట్’ (2017) దాదాపు 70 కోట్ల డాలర్ల దగ్గర ఆగితే, ‘అవతార్’ వంటి సాహస చిత్రం 290 కోట్లు దాటింది. మొత్తం వసూళ్ళలో వెనుకబడిన ఈ ప్రక్రియ, పెట్టిన రూపాయికి వచ్చిన రాబడిలో మాత్రం అన్నిటికంటె ముందు నిలవగలదు. పరిశ్రమలో కొత్తవారు దయ్యం కథతో తొలి అడుగు వేయడానికి ఇదే కారణం. కళాభిరుచి ఆ తరువాతి మాట.

తెలుగు నిర్మాతలు మిశ్రమాన్ని వదులుకోలేదు. కోడి రామకృష్ణ దర్శకత్వంలో శ్యాంప్రసాద్ రెడ్డి నిర్మించిన ‘అమ్మోరు’ (1995) క్షుద్ర మాంత్రికునికి గ్రామదేవతను ఎదురు నిలిపింది. వారిద్దరి కలయికలోనే వచ్చిన ‘అరుంధతి’ (2009) కథానాయిక ప్రధానమైన చిత్రం అగ్రనటుల చిత్రాలతో పోటీపడి వసూలు చేయగలదని నిరూపించింది. ‘చంద్రముఖి’ (2005) అనువాదం తరువాత హాస్యం దయ్యానికి తోడైంది. ‘ప్రేమకథా చిత్రమ్’ (2013) ఆ బాటలో చిన్న పెట్టుబడికి పెద్ద లాభం చూపింది. హిందీలో ‘స్త్రీ 2’ (2024) 800 కోట్ల రూపాయలు దాటడానికి కూడా నవ్వే ప్రధాన కారణం. ఇంత జరిగినా ‘బాహుబలి’ రెండవ భాగం (2017) చేరిన 1,700 కోట్ల మెట్టుకు ఏ దయ్యమూ చేరలేదు.

ఇటీవలి కాలంలో నవ్వును, దేవతను కొంత పక్కకు నెట్టి చేతబడి ముందుకు వచ్చింది. ‘మా ఊరి పొలిమేర’ రెండవ భాగం, ‘విరూపాక్ష’ రెండూ 2023లో విజయం పొందాయి. ‘విరూపాక్ష’ ఆరంభంలో క్షుద్రపూజలు చేస్తున్నారన్న అనుమానంతో గ్రామస్థులు ఒక దంపతులను సజీవ దహనం చేస్తారు.  ఉత్కంఠకు ఇది పనికివచ్చే నిర్మాణమే. టిక్కెట్టు కొన్నవాడు రెండున్నర గంటలు భయపడి, దీపాలు వెలగగానే ఇంటికి పోతాడు.

బస్తరులో ఇదే అనుమానానికి దీపాలు వెలిగే ఘడియ లేదు. అక్కడ మంత్రగత్తెను ‘టోన్హీ’ అంటారు. ఊరిలో బిడ్డ జబ్బుపడినా, పశువు చచ్చినా ఒంటరి స్త్రీ మీద ఆ ముద్ర పడవచ్చు. దీనిని అరికట్టడానికి ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం 2005లో టోన్హీ పీడన నివారణ చట్టం తెచ్చింది. ఒకరిని టోన్హీ అని వేలెత్తి చూపితే మూడేళ్ళ వరకు, వేధిస్తే ఐదేళ్ళ వరకు ఖైదు. వేలెత్తి చూపడమే నేరమని చెప్పిన ఆ నిబంధన సుక్స్‌డార్ఫ్ చిత్రంలోని ఊరి మనసును ఎరిగినవారు రాసినట్లుంటుంది.

చట్టం వచ్చిన పంతొమ్మిదేళ్ళకు, 2024 సెప్టెంబరులో, తెలుగు నేలకు ఆనుకొని ఉన్న కోంటా ప్రాంతంలోని ఒక గ్రామంలో చేతబడి అనుమానంతో ఐదుగురిని ఊరివారే కొట్టి చంపారు. వారిలో ముగ్గురు స్త్రీలు. మరొకరు పోలీసు శాఖలో హెడ్ కానిస్టేబుల్.