ఆలేరు సీమలో అడిగే తీరు

ఆలేరు చుట్టుపక్కల పల్లెల్లో నిజాం కాలాన ఏది అడగాలన్నా ముందు అడిగే తీరు తెలిసి ఉండాలి. దొర ఉండే గడి ముందు చెప్పులు విడిచి, తలరుమాలు తీసి, "నీ బాంచెన్ దొరా, కాల్మొక్త" అన్న తర్వాతే అసలు మాట నోట్లోంచి వచ్చేది. ఆ పలుకులో ఉన్నది 'నీ'యే, 'మీ' కాదు. ఈ సీమలో కన్నవాళ్లనూ 'నువ్వు' అంటారు. అందులో చిన్నచూపేమీ లేదు. అణకువంతా పిలుపులోనూ వంగిన నడుములోనూ ఉండేది. అంత వంగినా పని అవుతుందన్న భరోసా లేదు, వంగకపోతే మాత్రం దెబ్బలు తప్పేవి కావు.

సర్కారు దగ్గర చిక్కు వేరు. 1884 నాటికి కచేరీ భాష ఫార్సీ నుంచి ఉర్దూకు మారినా తెలుగు రైతుకు ఒరిగిందేమీ లేదు. అర్జీకి ఉర్దూ వచ్చినవారిని పట్టుకోవాలి. తన గోడు ఆ కాగితం మీద ఎంతవరకు ఎక్కిందో రైతుకు తెలిసేది కాదు. 1921లో హైదరాబాదులోని వివేకవర్ధనిలో జరిగిన సభలో ఆలంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడబోతే గేలి చేశారు. ఆ అవమానంలోంచే ఆంధ్ర జనసంఘం పుట్టింది. ఆ ఒరవడిలోనే 1930లో జోగిపేటలో తొలి ఆంధ్ర మహాసభ జరిగింది. 1944లో ఆలేరుకు దగ్గరే ఉన్న భువనగిరిలో రావి నారాయణరెడ్డి అధ్యక్షతన మహాసభ జరిగాక సంఘం పల్లెల్లోకి పాకింది. వెట్టి మానేసిన మనిషి గడి ముందు తలెత్తి మాట్లాడసాగాడు. భూమి, కూలి పోరాటాలంత పెద్ద మార్పు ఇది. ఆలేరు దగ్గరి మంతపురిలో పుట్టి, కొలనుపాక కోడలై, తెలంగాణ సాయుధ పోరాటంలో నిలిచిన ఆరుట్ల కమలాదేవిని ఇక్కడి ఓటర్లు 1952, 1957, 1962లలో శాసనసభకు పంపారు. అప్పటికి దండం పెట్టి అడిగే వంతు ఓటు కోరేవారిదైంది.

అయినా అర్జీలో పాత ఛాయలు పోలేదు. "కలెక్టరు గారికి నమస్కరించి వ్రాయునది" అన్న ఎత్తుగడ కలెక్టరేట్లో అర్జీలు తీసుకునే ప్రజావాణి కాగితాల్లో ఇప్పటికీ కనిపిస్తుంది. పని నడిపించేవి మాత్రం దాని కింద రాసే ఊరు, సర్వే నంబరు, విస్తీర్ణం, జరిగిన తప్పు.

2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చాక ఇలాంటి కాగితాలను యంత్రంతో రాయించుకునే వీలు కలిగింది. అక్కడ దొరా లేడు, దొర కోపమూ లేదు. అయినా మాటతీరు జవాబును తాకుతుంది, ఎందుకంటే ఆ యంత్రం నేర్చుకున్నది మనుషుల రాతల నుంచే. 2024లో జపాన్‌లోని వసేదా విశ్వవిద్యాలయం వారు పాల్గొన్న ఓ పరిశోధనలో ఇంగ్లిష్, చైనీస్, జపనీస్ భాషల్లో ఈ సంగతి పరీక్షించారు. దురుసుగా అడిగితే జవాబు తరచూ దెబ్బతింది. అతివినయం వల్ల లాభం ఖాయమని తేలలేదు. ఎంత మర్యాద మేలన్నది భాషను బట్టి మారింది. మరుసటి ఏడు అమెరికాలో జరిగిన చిన్న పరీక్షలో కొత్త నమూనా దురుసు ప్రశ్నలకే కాస్త మెరుగ్గా బదులిచ్చింది కాబట్టి, దీన్ని చెరగని సూత్రంగా పట్టుకోలేం.

వివరం సంగతి అలా కాదు. "దయచేసి నా భూమి సంగతి చెప్పండి" అంటే ఎంత మర్యాద చూపినా గాలి జవాబే వస్తుంది. "ఆలేరు మండలం, ఫలానా సర్వే నంబరు, పట్టాదారైన తండ్రి చనిపోయాడు, విరాసత్ కోసం తహసీల్దారుకు అర్జీ రాయి" అంటే పనికొచ్చే కాగితం చేతికొస్తుంది.