గుట్ట మీది మూసా రాం

మార్చి నెల, పొద్దున్నే. హైదరాబాద్‌లో ముసారాంబాగ్ మెట్రో స్టేషన్ దిగి ఆస్మాన్‌గఢ్ వైపు నడుస్తున్నారు మీరు. ఆటోల హారన్లు, పెనం మీది దోసెల వాసన, ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ లేచిన మేడలు. వీధి మలుపు తిరిగి గుట్ట ఎక్కుతుంటే ఆ సందడి వెనకబడుతుంది. ముఖానికి గాలి తగులుతుంది. పైన విశాలమైన రాతి అరుగు. దాని మీద, పైకి పోయేకొద్దీ సన్నబడుతూ ఇరవై మూడు అడుగుల నల్లరాతి స్తంభం. దగ్గరికి వెళ్లి చేత్తో తడమండి. రాతిలో రెండు రోమన్ అక్షరాలు తగులుతాయి: జె, ఆర్. మిషెల్ జోకిం మారీ రేమండ్ అనే ఫ్రెంచి సిపాయి సమాధి ఇది.

స్తంభం పక్కనే నిల్చుని చుట్టూ చూడండి. దిల్‌సుఖ్‌నగర్, మలక్‌పేట, సరూర్‌నగర్ అన్నీ కలిసిపోయి కనుచూపు మేర కాంక్రీటు. దాన్నంతా కాసేపు చెరిపేయండి. మేడలు పోతాయి, రోడ్లు పోతాయి. నగరం పడమట, ప్రాకారం లోపలికి ముడుచుకుంటుంది. ఈ దిక్కున మిగిలేవి బండలు, పొదలు, పొలాలు, అక్కడక్కడా ఊళ్లు. ఆ బయలులోనే రేమండ్ దండు విడిది.

ఇప్పుడు మీరు 1797లో ఉన్నారు. కింద మైదానంలో డోలు మోగుతోంది. ఇక్కడి రైతుబిడ్డలు, దక్కనీ జవాన్లు వరసలు కట్టి ఒక్క అడుగుగా నడుస్తున్నారు. వాళ్ల తలల మీద ఎగురుతున్నది ఫ్రాన్సు విప్లవకారుల మూడు రంగుల జెండా. గుండీల మీద స్వాతంత్ర్యపు టోపీ గుర్తు. పారిస్‌లో రాజు తల నరికిన విప్లవం గుర్తులు తొడుక్కుని నిజాం నవాబుకు కాపలా కాస్తున్నారు! దక్కన్ చరిత్రలో ఇంతకంటే విచిత్రమైన దృశ్యం నాకు తెలియదు. ఈ దండును చూసే కలకత్తాలో ఈస్టిండియా కంపెనీ దొరలకు, హైదరాబాద్ రెసిడెన్సీలో బ్రిటిష్ ప్రతినిధి కిర్క్‌పాట్రిక్‌కు నిద్ర పట్టడం లేదు.

ఈ దండును నిలబెట్టినవాడు 1755లో ఫ్రాన్సులోని గాస్కనీలో, సెరిన్యాక్ అనే చిన్న ఊళ్లో పుట్టాడు. వ్యాపారం చేసుకుందామని పుదుచ్చేరి రేవుకు వచ్చి, తరాజు వదిలి తుపాకి పట్టాడు. మైసూరులో హైదర్ అలీ పక్షాన పోరాడాడు. తర్వాత ఫ్రెంచి సేనాని బుస్సీ దగ్గర పనిచేశాడు. 1780ల నడుమ నిజాం అలీ ఖాన్ కొలువుకు చేరాడు. కొద్దిమందితో మొదలైన అతని దండు పదేళ్లలో పదివేలు దాటింది. అబిడ్స్ పక్కనున్న గన్‌ఫౌండ్రీ, మన పెద్దవాళ్ల మాటలో తోప్ కా సాంచా, అతను ఫిరంగులు పోయించిన చోటే.

1795 మార్చిలో ఖర్డా దగ్గర మరాఠాలతో యుద్ధం. రేమండ్ సిపాయిలు నిలబడి కొట్లాడారు, కానీ నిజాం రాత్రికి రాత్రి ఖర్డా కోటలోకి వెనక్కి తగ్గి చివరికి లొంగిపోయాడు. అదే ఏడాది నిజాం కొడుకు ఆలీ జా తిరగబడితే, తండ్రి పంపింది రేమండ్‌నే. పట్టుబడిన కొడుకు విషం తాగి చచ్చిపోయాడు.

1798 మార్చి 25. ఇప్పుడు గుట్ట మీద మట్టి తవ్వుతున్నారు. నలభయ్యో పడిలోనే రేమండ్ పోయాడు. విషం పెట్టారని కొందరు, తానే తాగాడని కొందరు గుసగుసలాడుకున్నారు. తేల్చే ఆధారం అప్పుడూ దొరకలేదు, ఇప్పుడూ లేదు. తన దండు విడిదిని చూస్తూ ఉండేలా ఇంత ఎత్తున పడుకోబెట్టారు.

అలా చూస్తూ ఉండాల్సి వచ్చింది ఏడు నెలలే. సెప్టెంబరు 1న నిజాం ఇంగ్లీషువాళ్లతో ఒప్పందం చేసుకున్నాడు. అందులో ముఖ్యమైన షరతు ఫ్రెంచి దండు రద్దు. అక్టోబరులో జీతాల బకాయిల కోసం సిపాయిలు తమ దొరల మీదే తిరగబడ్డారు. అక్టోబరు 22న మీరు ఈ అరుగు మీద నిలబడి ఉంటే కంపెనీ పటాలాలు విడిదిని చుట్టుముట్టడం, కుప్పలుగా తుపాకులు కింద పెట్టి సిపాయిలు విడిపోవడం కనిపించేది. పొద్దు గుంకేలోపు అంతా అయిపోయింది. పదేళ్లకు పైగా కట్టిన సైన్యం యుద్ధం లేకుండానే కరిగిపోయింది. రేమండ్ స్థానంలోకి వచ్చిన పీరాన్‌ను, తక్కిన ఫ్రెంచి అధికారులను దేశం దాటించారు.

దండు పోయింది, దొరలు పోయారు, జెండా దించేశారు. గుట్ట మాత్రం ఖాళీ కాలేదు. చుట్టుపక్కల జనం రావడం మొదలుపెట్టారు. హిందువులు అతన్ని మూసా రాం అన్నారు, ముస్లింలు మూసా రహీం అన్నారు. పక్కపక్కనే నిలబడి ఒకరు దండం పెడితే ఒకరు దువా చేశారు. ఏటా మార్చి 25న ఇక్కడ ఉర్సు జరిగేది. ఆ సాయంత్రం అరుగు పొడవునా దీపాలు, ఊదుబత్తీల పొగ. కొలువు నుంచి సమాధికి ఒక పెట్టె చుట్టలు, ఒక బీరు సీసా వచ్చేవని నగరంలో ఇప్పటికీ చెప్పుకుంటారు. కథే కావచ్చు. పీరుకు చాదర్ కప్పే చేతులు ఈ సిపాయికి ఏది ఇష్టమో ఆలోచించి అదే తెచ్చాయని విన్నప్పుడల్లా నాకు గొంతు పట్టుకుంటుంది.

అతను వలీ కాదు, సాధువు కాదు. జీతానికి యుద్ధం చేసినవాడు, తండ్రి మాట మీద కొడుకును వేటాడి పట్టుకున్నవాడు. అయినా జనం అతన్ని మంచివాడనే గుర్తుపెట్టుకున్నారు. తనను నమ్ముకున్న సిపాయిలను చూసుకున్నాడనీ, పేదలను ఆదుకున్నాడనీ తరాల పాటు చెప్పుకున్నారు. గెలిచిన కిర్క్‌పాట్రిక్‌కు కోఠీలో భవనం మిగిలింది, ఓడిన దండు నాయకుడికి ఉర్సు మిగిలింది. ఈ రెండింట్లో జనం ఇష్టంగా ఇచ్చింది ఏదో నాకు స్పష్టంగానే ఉంది.

స్తంభం పక్కనున్న మంటపంలోకి రండి. గ్రీకు గుడి పోలికలున్న ఈ కట్టడానికి ఇరవై ఎనిమిది స్తంభాలు. 2001 అక్టోబరు వానలకు ఇది కూలిపోయింది. తర్వాత మళ్లీ నిలబెట్టారు. మీరు చూస్తున్నది ఆ తిరిగి కట్టిన మంటపమే. చుట్టూ నగరం గుట్ట అంచుల దాకా వచ్చేసింది. ఉన్న ఆ కాస్త జాగానైనా కాపాడుకోవాలి. ఈ పేటలో పుట్టి పెరిగిన పిల్లల్లో చాలామందికి తమ ముసారాంబాగ్ బస్టాపు పేరు ఎవరి పేరో తెలియదు. ఈ మార్చి 25న మీ పిల్లలను తీసుకుని గుట్ట ఎక్కండి, వాళ్లకు ఈ కథ చెప్పండి. రాతి మీద పేర్లు మాత్రం గీకనివ్వకండి.