పెచ్చులు రాల్చిన శబ్దం

1974లో హాలీవుడ్‌లోని గ్రామన్స్ చైనీస్ థియేటర్ పైకప్పు కింద వల కట్టారు. లోపల ఆడుతున్నది ‘ఎర్త్‌క్వేక్’ సినిమా. దాని మోతకు పైనుంచి పెచ్చులూడి ప్రేక్షకుల నెత్తిన పడకుండా ఆ ఏర్పాటు! ఇది చదివాక టీవీ పక్కన బుద్ధిగా కూర్చున్న మా సబ్‌వూఫర్‌ను కాస్త అనుమానంగా చూడటం మొదలుపెట్టాను.

ఆ మోత పేరు సెన్‌సరౌండ్. యూనివర్సల్ స్టూడియో, స్పీకర్లు చేసే సెర్విన్ వేగా కంపెనీ కలిసి తెచ్చాయి. చోటు చాలని హాళ్లలో కుర్చీలు పీకేసి మరీ భారీ వూఫర్లు పెట్టారు. అసలు తమాషా ఏమిటంటే, నేలను అదిరించే ఆ రొద ఫిల్ములో లేనే లేదు. అప్పటి సౌండ్‌ట్రాక్‌కు అంత శక్తి లేదు. ఫిల్ములో ఉండేది సంకేతం మాత్రమే. అది అందగానే హాల్లోని యంత్రమే సొంతంగా గుర్రుమనేది. పక్క హాల్లో ‘గాడ్‌ఫాదర్ పార్ట్ 2’ చూస్తున్నవాళ్లు గోల పెట్టారట. మోంటానాలోని బిల్లింగ్స్‌లోనైతే థియేటర్ పక్క కొట్లో సామాను కిందపడిందని చెబుతారు. ఇంత రభస చేసిన సినిమాకే సౌండ్‌కు ఆస్కార్ వచ్చింది. కొన్నేళ్లలో, కొద్ది సినిమాలతో ఆ ముచ్చట తీరిపోయింది. సినిమాను వీపుతో కూడా చూడొచ్చని నేర్పిన ఆ మొరటు సరదా పోవడం నాకైతే నష్టమే.

దాదాపు ఆ రోజుల్లోనే స్టీలీ డాన్ బృందం ‘ప్రెట్జెల్ లాజిక్’ ఆల్బమ్ మిక్సింగ్ కోసం స్పీకర్ల డిజైనర్ కెన్ క్రైసెల్ తన సబ్‌వూఫర్ నమూనా తెచ్చిచ్చాడు. అక్కడ కావలసింది అదరగొట్టడం కాదు, బేస్ గిటార్ అడుగు స్వరం ఉన్నదున్నట్టు వినపడటం. మన ఇళ్లలోకి రావలసింది ఈ రెండో వంశమే.

రావాలంటే మెయిన్ స్పీకర్లతో కాపురం కుదరాలి. చిక్కు రెండూ కలిసే చోట ఉంది. అక్కడ ఒకే స్వరాన్ని రెండూ పలుకుతాయి. 1976లో హ్యూలెట్ ప్యాకార్డ్ ఇంజనీరు సీగ్‌ఫ్రీడ్ లింక్విట్జ్, సహోద్యోగి రస్ రైలీతో కలిసి తేల్చిన, స్వరాలను రెండింటికీ పంచే క్రాసోవర్‌లో, ఆ చోట ఒక్కొక్కటీ 6 డెసిబెల్స్ తగ్గుతుంది. రెండూ ఒకే ఫేజ్‌లో ఉంటే మొత్తం సమంగా వస్తుంది. తర్వాత సినిమా ధ్వనికి ప్రమాణాలు పెట్టే టీహెచ్‌ఎక్స్ వాళ్లు 80 హెర్ట్జ్ దగ్గర గీత గీశారు. అంతకు కిందిది ఎటునుంచి వస్తోందో చెవి పసిగట్టలేదు కాబట్టి సబ్‌ను ఎక్కడైనా పెట్టొచ్చన్నారు.

గది మాత్రం ఒప్పుకోదు. 80 హెర్ట్జ్ అల పొడవు దాదాపు 4.3 మీటర్లు, అంటే మన హాలంత. గోడల మధ్య తిరిగి ఒకచోట పోగుపడుతుంది, మరోచోట మాయమవుతుంది. అందుకే పాతకాపులు సబ్‌ను సోఫాలో కూర్చోబెట్టి, తాము గోడల వెంట పాకుతారు. బేస్ సమంగా వినిపించిన మూలే దాని స్థానం. ఇప్పుడు రిసీవర్‌తో వచ్చే మైకు కొన్ని నిమిషాల్లో లెక్క కట్టేస్తోంది. చెవికి పని తప్పింది. పైగా గదిలో మాయమైన స్వరం లెక్కతో తిరిగిరాదు.

హార్మన్ సంస్థకు చెందిన టాడ్ వెల్టీ 2002లో ఇంకో దారి చూపాడు: ఎదురెదురు గోడల మధ్యన చెరొకటి, రెండు సబ్‌లు. రెండోదానికి డబ్బులెక్కడివంటే, మెయిన్ స్పీకర్లు ఒక సైజు చిన్నవి కొనుక్కోమంటాను. 80కి కింద వాటికెలాగూ పెద్దగా పనిలేదు.