అట్ట లోపలి బొమ్మ

మొన్న దసరాకి మందమర్రి పోయినప్పుడు మామ వాళ్ళ ఇల్లు ఖాళీ చేయడంలో సాయం చేశాను. మామ సింగరేణిలో రిటైరయ్యాడు, కంపెనీ క్వార్టర్ అప్పజెప్పాలి. అటక మీంచి ఒక రేకు ట్రంకు పెట్టె దింపితే దాని నిండా పాత సినిమా పత్రికలు! పైన సితారలు, జ్యోతిచిత్రలు, అడుగున ఎలకలు కొట్టిన విజయచిత్రలు కొన్ని. "అమ్మెయ్‌రా, కిలోకి ఎంతొస్తే అంత" అన్నాడు మామ. నాకు మనసొప్పలేదు. మధ్యాహ్నమంతా వాటిని నేల మీద పరిచి చూస్తూ కూర్చున్నా.

ఆఫీసులో నా పని యాప్ స్క్రీన్లు చేయడం. బటన్ ఎక్కడ పెడితే జనం నొక్కుతారు, ఏ బొమ్మ పెడితే ఆగుతారు... రోజూ ఇదే గొడవ. ఆ బుద్ధితోనే చూశానేమో, ఒక విషయం కొట్టొచ్చినట్టు కనిపించింది. ఆ ముఖచిత్రాల్లో ఎక్కువ భాగం హీరోయిన్లే. హీరో ఒక్కడే ఉన్నవి చాలా తక్కువ. ఉన్నా పక్కన హీరోయిన్ ఉండాల్సిందే.

ఇందులో వింతేముంది అంటారా? మా ఇంట్లో ఈ పత్రికలు అక్షరం వదలకుండా చదివింది మామ కాదు. అమ్మ, పిన్ని, అక్క. మరి వాళ్ళు చదివే పత్రిక అట్ట మీద వాళ్ళు చూడాలనుకునే ముఖం ఎందుకు లేదు?

దీనికి జవాబు వెతకాలంటే కాస్త వెనక్కి పోవాలి.

మన పత్రికలకి ముఖచిత్రమంటే మొదట్లో గీసిన బొమ్మే. 1947 జూలైలో నాగిరెడ్డి, చక్రపాణి చందమామ మొదలుపెట్టారు. ఆ అట్టల మీద వడ్డాది పాపయ్య, ఎం.టి.వి. ఆచార్య వేసిన బొమ్మలు ఇప్పటికీ జనం ఫోన్లలో దాచుకుంటున్నారు. చక్రపాణి గారిదే యువ పత్రిక. దానికీ వపా బొమ్మలు వేశారు. ఆ బొమ్మల్లో అమ్మాయి ఎవరు? ఎవరూ కాదు. పేరు లేదు, సినిమా లేదు. ఇంటికి తెచ్చుకుని బల్ల మీద పెడితే తాతయ్య కూడా ఏమీ అనడు. "ఎంత బాగా వేశాడో" అంటాడు, అంతే.

1966లో అదే సంస్థ నుంచి విజయచిత్ర వచ్చింది. రావి కొండలరావు గారు చాలా ఏళ్ళు దాని బాధ్యతలు చూశారు. మద్రాసులో నాగిరెడ్డి గారికి ప్రసాద్ ప్రాసెస్ లాంటి మంచి ఆఫ్‌సెట్ ప్రెస్ ఉండేది కాబట్టి రంగుల ఫొటోకి లోటు లేదు. 1976లో ఈనాడు వాళ్ళ సితార వచ్చింది. ఇక అట్ట మీద బొమ్మకి పేరొచ్చింది. గీసిన అమ్మాయి పోయి ఫలానా హీరోయిన్ వచ్చింది. అట్ట మంచి కాగితం మీద రంగుల్లో, లోపల చాలా పేజీలు న్యూస్‌ప్రింట్ మీద. ఖర్చంతా బయటికి కనిపించే చోటే!

ఈ అట్టలు ఎలా పనిచేస్తాయో ట్రంకు పెట్టె ముందు కూర్చుంటే తేలిగ్గానే అర్థమైంది. షాపులో పత్రికలు తాడు మీద క్లిప్పులతో వేలాడతాయి, లేదా ఒకదాని మీద ఒకటి పేర్చి ఉంటాయి. కనిపించేది పై భాగమే. అందుకే పేరు పైనే, పెద్దగా. హీరోయిన్ తల ఆ పేరుని కొంచెం కప్పుతుంది, బొమ్మ కాగితంలోంచి ముందుకొచ్చినట్టుంటుంది. కళ్ళు సూటిగా మనవైపే. పక్కన ఒక ప్రశ్న, దానికి జవాబు లోపలి పేజీలో. ఆ జవాబు సాధారణంగా "ఇంకా ఏమీ అనుకోలేదు" అనే ఉంటుంది, అది వేరే సంగతి :) మధ్యలో రెండు పిన్నుల దగ్గర సెంటర్ స్ప్రెడ్. పత్రిక పాతదైనా ఆ బొమ్మ గోడ మీద బతుకుతుంది.

ఇప్పుడు కాసేపు అమెరికా పోదాం. అక్కడ 1950ల చివర్లో 'సిక్స్‌టీన్' అని ఒక పత్రిక. టీనేజీ ఆడపిల్లల కోసం. 1958 నుంచి 1975 దాకా గ్లోరియా స్టేవర్స్ అనే ఆవిడ దాని ఎడిటర్, అంతకుముందు మోడల్. 1965లో చార్లెస్ లాఫర్ అనే ఆయన 'టైగర్ బీట్' మొదలుపెట్టాడు. ఆయన ఒకప్పుడు హైస్కూల్లో పాఠాలు చెప్పినవాడు. ఈ రెండు పత్రికల అట్టలు చూడండి, నిండా అబ్బాయిల ముఖాలే. ఒకటి కాదు, అరడజను తలలు కత్తిరించి అతికించినట్టు. ఎందుకంటే ఒక పిల్లకి ఒకడు నచ్చకపోతే ఇంకొకడు నచ్చుతాడు. చుట్టూ ఆశ్చర్యార్థకాలు. జర్మనీలో 1956లో మొదలైన 'బ్రావో' ఇంకో అడుగు ముందుకేసింది. 1959 నుంచి స్టార్ల నిలువెత్తు బొమ్మని ముక్కలుగా కోసి సంచికకి ఒక ముక్క చొప్పున ఇచ్చేది. మొదటి బొమ్మ బ్రిజిత్ బార్డో. కాళ్ళొచ్చాక తల కోసం ఆగకుండా ఉంటారా? వారం వారం కొనాల్సిందే.

ఆ అమెరికా అట్టల మీద అబ్బాయిలు, మన అట్టల మీద హీరోయిన్లు. అక్కడి వాళ్ళు ఆడపిల్లల మనసు తెలిసినవాళ్ళనీ, మనవాళ్ళు తెలియనివాళ్ళనీ కాదు. అక్కడ పదిహేనేళ్ళ పిల్ల చేతిలో చిల్లర ఉంది. తనే షాపుకెళ్ళి, తనే కొనుక్కుంది. మన దగ్గర చదివేది ఆడవాళ్ళయినా, బస్టాండులోనో రైల్వే స్టేషన్లోనో ఆగి కొనేది మగవాడు. మన ఐటీ భాషలో చెప్పాలంటే యూజర్ వేరు, కస్టమర్ వేరు. డిజైన్ ఎప్పుడూ కస్టమర్ కోసమే జరుగుతుంది. యూజర్ సర్దుకుపోతాడు. ఈ సంగతి మనకి రోజూ అనుభవమే కదా!

మందమర్రిలో అయితే ఇది మరీ నిజం. మాది బొగ్గు గనుల ఊరు. కేకే వన్, కేకే టూ, కేకే ఫైవ్... ఊరు లేచేదీ పడుకునేదీ షిఫ్టుల ప్రకారమే. 1952 నాటి గనుల చట్టం ఆడవాళ్ళని భూగర్భ గనుల్లో పనికి దిగనివ్వలేదు. 2019లో కేంద్రం కొంత సడలించి టెక్నికల్, సూపర్‌వైజరీ, మేనేజ్‌మెంట్ పనులకి అనుమతి ఇచ్చింది. అంటే అరవై ఏళ్ళకి పైగా బాయి జీతం మగవాళ్ళ చేతికే వచ్చింది (మా దగ్గర గనిని బాయి అనే అంటారు). ఆ జీతంలోంచే సితార వచ్చింది. షిఫ్టు దిగి, స్నానం చేసి బజారుకొచ్చిన మామ లాంటి కుర్రాడు తాడు మీద వేలాడే బొమ్మ చూసి ఆగాలి. అట్ట పని అంతే. ఆ తర్వాత అది ఇంటికి చేరి ఎవరు చదివారన్నది అట్టకి అనవసరం.

ఇక నాకు సంబంధించిన సంగతి చెప్పాలి.

2004. అక్క పదో తరగతి, నేను రెండో తరగతి. కొత్త క్లాసు మొదలవగానే నోటుబుక్కులకి అట్టలు వేయడం మా ఇంట్లో పెద్ద పండగ. క్యాలెండర్ కాగితాలు, పత్రికల మధ్య పేజీలు, ఏవి గట్టిగా ఉంటే అవి. అక్క లెక్కల నోటుకి బ్రౌన్ పేపర్ వేసింది. దాని లోపల ఇంకో కాగితం ఉందని నాకొక్కడికే తెలుసు. ఉదయ్ కిరణ్ బొమ్మ. ఏదో సినిమా పత్రిక సెంటర్ స్ప్రెడ్. పిన్నులు జాగ్రత్తగా విప్పి, చిరగకుండా తీసింది. 'చిత్రం', 'నువ్వు నేను', 'మనసంతా నువ్వే' వచ్చిపోయి మూడు నాలుగేళ్ళయినా ఆడపిల్లల్లో ఆ పిచ్చి తగ్గలేదు.

ఒకరోజు అక్క నాకు రబ్బరు ఇవ్వలేదు. కోపమొచ్చి పోయి బాపుకి చెప్పేశాను.

బాపు కొట్టలేదు. నోటు తీసి, బ్రౌన్ పేపర్ విప్పి, బొమ్మని నాలుగు ముక్కలు చేశాడు. "సదువుకొమ్మని పంపుతే గిదా నువ్వు సదివేది?" అన్నాడు. అంతే. ఆ ఒక్క మాట చాలా రోజులు ఇంట్లో తిరిగింది. అమ్మ కూడా అక్కతో సరిగ్గా మాట్లాడలేదు. ఇంటర్‌కి మంచిర్యాల పంపాలా వద్దా అన్న చర్చలో కూడా ఆ బొమ్మ ఒక సాక్ష్యమైంది. చివరికి పంపారు గానీ, అక్క మళ్ళీ మా ముందు సినిమా పత్రిక ముట్టగా నేను చూడలేదు.

ఇప్పుడు ఆలోచిస్తే ఆశ్చర్యమేస్తుంది. అదే సంవత్సరం, అదే ఊళ్ళో, బాపు నన్ను తీసుకెళ్ళే కటింగ్ షాపులో గోడ కనపడకుండా హీరోయిన్ల బొమ్మలే. నేను కుర్చీ మీద పీట వేసుకుని కూర్చుంటే అద్దంలో అన్నీ కనిపించేవి. బాపు కింద కూర్చుని పేపర్ చదువుకునేవాడు. మామ ట్రంకు పెట్టె సంగతి ఇంట్లో అందరికీ తెలుసు. ఎవరూ ఒక్క మాట అనలేదు. బొమ్మ తప్పు కాదన్నమాట. చూసేది ఎవరన్నదే తప్పు.

బాపుని తిట్టడానికి ఇది రాయడం లేదు. ఆయనకి ఆ అట్టలు నేర్పింది అదే. ముఖచిత్రం మీద ఆడపిల్ల ఉంటుంది, చూసేది మగవాడు. ఇన్నేళ్ళూ అన్ని షాపుల్లో అదే వేలాడింది. ఒక ఆడపిల్ల తిరిగి ఒక అబ్బాయి బొమ్మని చూసేసరికి ఆయనకి ఇల్లే తలకిందులైనట్టు అనిపించి ఉంటుంది. గ్లోరియా స్టేవర్స్ పత్రిక మీద నవ్వేవాళ్ళు ఉండొచ్చు, పిల్లకాయల పిచ్చి అనొచ్చు. కానీ అది లక్షల మంది ఆడపిల్లలకి ఒక మాట చెప్పింది: నువ్వూ చూడొచ్చు, చూడటం నేరం కాదు అని. మన పత్రికల అట్టలు ఆ మాట చెప్పలేదు. వాటికి ఆ అవసరం రాలేదు, డబ్బులు ఇంకో చేతిలోంచి వస్తున్నాయి కాబట్టి.

ఇప్పుడు తాడు మీద పత్రికలు వేలాడే షాపులు తగ్గిపోయాయి. అట్ట పని ఫోన్లో చిన్న బొమ్మ చేస్తోంది. నెట్‌ఫ్లిక్స్ ఒకే సినిమాకి ఒక్కొక్కరికి ఒక్కో బొమ్మ చూపిస్తానని 2017లోనే వివరంగా చెప్పింది. మామకొక అట్ట, అక్కకొక అట్ట అన్నమాట. బాగానే ఉంది కదా అనిపిస్తుంది. కానీ ఉచితంగా చూసే చాలా యాప్‌లలో కస్టమర్ ఇప్పుడు ప్రకటన ఇచ్చేవాడు. మళ్ళీ యూజర్ వేరు, కస్టమర్ వేరు. ఆ స్క్రీన్లు చేసేది మనమే కాబట్టి ఈ తేడా మనకి గుర్తుండాలని నా ఉద్దేశం.

ఆ సాయంత్రం ట్రంకు పెట్టె దగ్గరికి అక్క, మేనకోడలు వచ్చారు. మేనకోడలికి పన్నెండేళ్ళు. దాని ఫోన్ కవర్ వెనక బీటీఎస్ కుర్రాడి ఫొటోకార్డు, బయటికి కనిపించేలా. బాపు దాన్ని చూసి, "ఎవడే గీ పిలగాడు, జుట్టుకి గా రంగేంది?" అని నవ్వాడు. అది పేరు, ఊరు, పాటలు అన్నీ చెప్పింది. బాపు ఓపిగ్గా విన్నాడు.

నేను అక్కని పక్కకి పిలిచి, "అక్కా, ఆ లెక్కల నోటు..." అన్నాను.

"యాదికుందిరా" అంది. "చెప్పింది నువ్వేనని గూడ ఎరుకే."

ఇరవై ఏళ్ళు ఒక్కసారి కూడా అడగలేదు. నేను చెప్పాల్సిన సారీ చెప్పాను. తను నవ్వి, ట్రంకు పెట్టె ముందు కూర్చుని ఒక్కో పత్రిక తిరగేయడం మొదలుపెట్టింది. అట్టలు చూడటం లేదు. తిన్నగా మధ్య పేజీలే తీస్తోంది.

పత్రికలు అమ్మలేదు. అక్క ఇంటికే వెళ్ళాయి.