నీలిరంగు చెప్పిన సాక్ష్యము

కుక్కకు కాలేయము చెడినచో చిరకాలము పశువైద్యునికి కన్నే సాక్షి. కంటి తెల్లగుడ్డు, చిగుళ్లు పసుపెక్కినచో కామెర్లని నిర్ణయించెడివారు. ఆ పసుపు కనబడునప్పటికి వ్యాధి ముదిరియుండవచ్చును. నోరులేని జీవి తన బాధ చెప్పుకొనలేదు, నెత్తురుచేత చెప్పించుటెట్లు?

కృష్ణా డెల్టా పొరుగుననే గల భీమవరములో 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు, హార్వర్డులో సైరస్ ఫిస్కేతో కలసి 1925లో ఫాస్ఫరసును కొలుచు పద్ధతిని ప్రకటించెను. ఫాస్ఫేటును మాలిబ్డేటుతో చేర్చి క్షయకరణము చేసినచో నీలిరంగు వచ్చును. రంగు ఎంత చిక్కనో, ఫాస్ఫేటు అంత అధికము.

రక్తమందలి ఆల్కలైన్ ఫాస్ఫటేజు అను ఎంజైము కొన్ని పదార్థములనుండి ఫాస్ఫేటును విడదీయును. విడివడినదానిని ఇట్టి నీలిరంగుతో కొలిచినచో ఎంజైము బలము తెలియును. పైత్యము ప్రవహించు దారి మూసుకొనినపుడు ఈ ఎంజైము హెచ్చునని మనుష్యులలో 1930లో రాబర్ట్సు చూపెను. కుక్కలలోను అంతే.

అయినను ఒక్క అంకెను నమ్మరాదు. ఎదుగు కుక్కపిల్లలలో ఎముకలనుండియు, పెద్ద కుక్కలలో స్టెరాయిడు మందులవలనను ఇది పెరుగును. అందుచే ఏ.ఎల్.టి., బిలిరుబిన్ కొలతలు, అల్ట్రాసౌండు పరీక్ష తోడు చేయుదురు.

నేటి యంత్రములు నీలిరంగునకు బదులు పసుపురంగునిచ్చు పదార్థమును వాడుచున్నవి. విజయవాడ చెంత గన్నవరములో 1998లో వెలసిన పశువైద్య కళాశాల విద్యార్థి యైనను గుర్తుంచుకొనదగిన సూత్రము మాత్రము ఒక్కటే: కంటికి కనబడని మార్పును రంగుగా మార్చి కొలుచుట.