చిగురుపన్ను నేర్పిన పాఠం

ఇంట్లో పెద్దవాళ్ళు చేసే పనులు రాయమని ఐదో తరగతి పిల్లలకు చెప్పాను. ఒక పాప "మా అవ్వ ఇప్పసారా కాస్తుంది" అని రాసి, మళ్ళీ కొట్టేసింది. ఎందుకమ్మా అంటే, "అది దొంగపని కదా సార్" అంది. మన పెద్దల పని దొంగపని ఎప్పుడయిందో మనం తెలుసుకోవాలి.

వేసవి మొదట్లో తెల్లవారుజామున రాలిన ఇప్పపూలను మన ఆడవాళ్ళు ఏరి ఎండబెడతారు. నానబెట్టి, కొన్నాళ్ళు పులియనిచ్చి, కుండలో కాస్తారు. ఆవిరి వెదురు గొట్టం గుండా వెళ్ళి, చన్నీళ్ళలో పెట్టిన కుండలో చల్లబడి చుక్కలు చుక్కలుగా దిగుతుంది. సైన్సు పుస్తకంలో స్వేదనం అన్నది ఇదే. పెద్ద డిస్టిలరీల్లో జరిగేదీ ఇదే. జీలుగు కల్లుకు, తాటి కల్లుకు కాపుడు కూడా అక్కరలేదు. పండుగైనా, పెళ్ళైనా, చావైనా మొదట దేవతకూ పెద్దలకూ పోసి, తర్వాతే మనం తాగుతాం.

తెల్లదొరల ప్రభుత్వం ఇందులో ఆదాయం చూసింది. రంప ప్రాంతంలో ఇంటి అవసరానికి కల్లు గీసుకోవడాన్ని కూడా నిషేధించి, కల్లు ఆదాయాన్ని గుత్తకిచ్చింది. గుత్తదార్లు చిగురుపన్ను వసూలు చేశారు. దాని మీద మన్సబుదారు మొదలుపన్ను వేశాడు. అది చిగురుపన్నులో సగం, కొన్నిచోట్ల మూడింట రెండు వంతులు ఉండేది. దీనికి పోలీసుల దోపిడీ, షావుకార్ల అప్పులు, కోర్టు డిక్రీలు తోడయ్యాయి.

1879 మార్చిలో రంప తిరగబడింది. కారం తమ్మన్నదొర వంటి నాయకుల వెంట జనం నడిచారు. తిరుగుబాటు గొలుగొండకూ, భద్రాచలం వైపు రేకపల్లికీ పాకింది. అణచడానికి మద్రాసు సైన్యం దిగింది. 1880లో తమ్మన్నదొర ప్రాణాలు కోల్పోయాడు. అయినా ఆ పోరాటం వృథా కాలేదు. ప్రభుత్వం మన్సబుదారును తొలగించి, ముఠాదార్లతో నేరుగా ఒప్పందాలు చేసుకోవలసి వచ్చింది.

కొందరు దీన్ని "కల్లు కోసం గొడవ" అని తేలిక చేస్తారు. అది మన చెట్టు మీద మన హక్కు కోసం జరిగిన పోరాటం.

అలాగని తాగుడును నేను మెచ్చుకోవడం లేదు. పండుగనాటి దొప్పెడు వేరు, కూలి డబ్బంతా మింగే సీసా వేరు. ఆ సీసా వల్ల చదువు మానిన పిల్లలను నా బడిలోనే చూశాను. 1996 పెసా చట్టం మత్తు పదార్థాలను నిషేధించే, నియంత్రించే అధికారాన్ని గ్రామసభకూ పంచాయతీకీ ఇచ్చింది. చిన్నతరహా అటవీ ఫలసాయంపై యాజమాన్యాన్నీ గుర్తించింది. ఏది ఉంచాలో, ఏది మానాలో గ్రామసభలో కూర్చుని మనమే తేల్చుకోవాలి.

తోటి ఉపాధ్యాయులారా, పిల్లలు కొట్టేసిన వాక్యాలను మళ్ళీ రాయించండి.